గొట్టం రాదన్న వరికి గొట్టం ఎట్లొచ్చింది: నర్సంపేట దిక్కు ఒక కేస్

మూడేళ్ళ కింద సెప్టెంబర్ ఆఖర్ల, పొద్దుగాల చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. నర్సంపేట దిక్కు చెరువు కింది ఊరు, నాకు పాత పరిచయమున్న రైతే. "సారూ, గొట్టం రాదని నువ్వు చెప్పిన వరికి గొట్టం వచ్చింది, జర వచ్చి చూసి పో" అన్నడు, కోపంగ కాదు, కొంచెం ఎగతాళిగ. నా పని వరి బ్రీడర్లతో (కొత్త వరి రకాలు తయారుచేసేటోళ్ళతో) కలిసి పురుగు సంగతి చూసుడు, అంటే కొత్త లైన్లకు (ఇంకా రకంగ బయటికి రాని వరికి) పురుగు తట్టుకునే గుణం ఉందా లేదా అని పొలంల స్క్రీనింగ్ చేసి చెప్పుడు. అట్లాంటోనికి ఇట్లాంటి ఫోన్ వస్తే చాయ్ అక్కడనే ఆగిపోతది.

తెల్వనోళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ గొట్టం తెచ్చే ఉల్లికోడు అంటే దోమ సైజున్న ఒక ఈగ, దాని పొట్ట ఎర్రగ ఉంటది, రాత్రిపూట తిరుగుతది, పెద్దయినంక రెండు మూడు రోజులే బతుకుతది. ఆకు మీద గుడ్లు పెడితే మూడు నాలుగు రోజులకు పిల్ల పురుగు బయటికొచ్చి ఆకు మీదున్న తడిని పట్టుకుని పాక్కుంట పోయి పిలక మొవ్వుల కూసుంటది, అందుకే ముసురు పడితే దానికి పండగ. మొవ్వుల కూసుని అది వదిలే లాలాజలానికి ఆకు రావాల్సిన చోట ఉల్లికాడ లెక్క తెల్లటి గొట్టం వస్తది, ఇగ ఆ పిలకకు కంకి రాదు. రైతులు గొట్టం రోగం అంటరు గాని అది రోగం కాదు, పురుగు. గొట్టం బయటికి కనపడేటప్పటికి లోపల పురుగు పని అయిపోయి కోశ దశల ఉంటది, అప్పుడు మందు కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొస్తది గాని షాపుకు పోయి డబ్బా తెచ్చుడు ఆగదు.

పోయి చూసినం. నాలుగు ఎకరాలు, ఉల్లికోడును తట్టుకునే కావ్య అనే వరంగల్ రకం వంశంల నుంచి వచ్చిన ఒక సన్నరకం, పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ రకం తప్పు కాదు. ఆ ఏడు వానలు లేటు, చెరువు ఆగస్టు నడుమకు గాని నిండలేదు, తుకం జూన్ ఆఖర్ల పోసి కూసున్నడు, నీళ్ళొచ్చినంక ఆగస్టు 20 దాటి నాటేసిండు. అంటే నారుకే యాభై రోజులు నిండినయ్. పొలంల అక్కడక్కడ 20 దుబ్బులు పట్టుకుని లెక్కపెట్టినం, 212 పిలకలల్ల 39 గొట్టాలు, అంటే 18 శాతం. 5 శాతం దాటితేనే నష్టం లెక్క అంటం మనం. పక్కనే ఒడ్డు అవతల ఇంకో రైతుది సాంబ మసూరి, అదే బిపిటి 5204, దాన్ల ఎప్పుడూ గొట్టం వస్తది, తెలిసిందే. అక్కడ లెక్కపెడితే 21 శాతం. తట్టుకుంటది అన్న రకానికి, అస్సలు తట్టుకోదు అన్న రకానికి తేడా మూడు శాతం!

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలె. చూడంగనే నా నోట్లకెళ్ళి వచ్చిన మాట "విత్తనం కల్తీ అయ్యుంటది అన్నా, బిల్లు ఉందా, పోయి అడుగు" అని. మా దాంట్ల ఉన్నోళ్ళకు ఇది అలవాటు, రకం బాగలేదనే ముందు విత్తనం బాగలేదు అనుడు ఈజీ. ఆయన పోయి షాపతనితో గట్టిగ గొడవ పెట్టుకున్నడు, ఇద్దరు ఏడాది దాక మాట్లాడుకోలేదు. తర్వాత నేనే ఇద్దరినీ కూసోబెట్టి తప్పు నాదని చెప్పాల్సొచ్చింది.

కల్తీ కాదు అని ఎట్ల తెలిసిందంటే, ఆ సాయంత్రం తిరిగొస్తుంటే బండి మీద లెక్కల బుక్కు మనసుల తిరుగుతనే ఉంది. కల్తీ అయితే గొట్టాలు గుంపుగ ఉండాలె, ఒక దుబ్బుకు ఐదారు, పక్క నాలుగు దుబ్బులకు సున్నా, ఎందుకంటే తట్టుకోని గింజ ఏ దుబ్బుల పడితే ఆ దుబ్బే పోవాలె. ఈయన పొలంల అట్ల లేదు, దాదాపు ప్రతి దుబ్బుకు ఒకటో రెండో ఉన్నయ్. అనుమానమొచ్చి రెండో రోజు మళ్ళ పోయి గొట్టం ఉన్న దుబ్బులకు, లేని దుబ్బులకు వేరే వేరే రంగు దారాలు కట్టి వచ్చినం. ఈనినంక చూస్తే రెండింటి ఎత్తు ఒకటే, కంకి ఒకటే, గింజ ఒకటే. ఆకులు తెచ్చి డిఎన్‌ఎ తీసి ఈ రకానికి ఉల్లికోడును తట్టుకునే గుణమిచ్చే జిఎం 1 జీన్ పక్కనుండే మార్కర్లతోని (జీన్ ఉందో లేదో చెప్పే గుర్తులతోని) చూస్తే, గొట్టం వచ్చిన మొక్కలల్ల కూడా జీన్ ఉంది. అంటే విత్తనం అసలుదే, జీన్ కూడా ఉన్నది, అయినా పురుగు లోపల హాయిగ పెరిగింది. మారింది వరి కాదు, పురుగు.

ఇది వరంగల్‌ల కొత్త కథ కాదు, కొంచెం వెనక్కి పోవాలె. ఉల్లికోడుకు తట్టుకునే వరి అనే పని దేశంల గట్టిగ మొదలైన చోట్లల్ల మన వరంగల్ ఒకటి. ఈశ్వరకోర అని ఒక దేశవాళి రకం, దాన్ని ఎంటియు 15 అనే రకంతో కలిపి తీసిన లైన్ డబ్ల్యూ 1263, ఆ డబ్ల్యూ అంటే వరంగలే. దాన్ల ఉన్నదే జిఎం 1, వరి తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటది. ఐఆర్ 8తో దాన్ని కలిపితే కాకతీయ వచ్చింది. ఇంకో దిక్కు థాయ్‌లాండ్ రకం సియామ్ 29ని ఐఆర్ 8తో కలిపితే ఫల్గుణ, సురేఖ వచ్చినయ్, వాటిల్ల ఉన్నది జిఎం 2. తర్వాత పోతన, ఎర్రమల్లెలు, భద్రకాళి, ఓరుగల్లు, కావ్య... (మా వరంగల్ రకాల పేర్లు వింటే ఊరు తిరిగొచ్చినట్టే ఉంటది, ఈ విషయంల మావోళ్ళను మెచ్చుకోవాలె.) కావ్యను సాంబ మసూరితో కలిపి జగిత్యాలల తీసినయే జగిత్యాల సన్నాలు లాంటి సన్నరకాలు. రైతుకు సన్న గింజ కావాలె, గొట్టం రావద్దు, రెండూ ఒక్క రకంల దొరికినయ్, ఇంకేం, అందరూ అదే పెట్టిన్రు. తప్పేం లేదు, నేను రైతునైనా అదే పెడుత.

గాని పురుగు దిక్కెళ్ళి చూస్తే, ఊర్లకు ఊర్లు, చెరువుకు చెరువు, ఒక్క జీన్. జిఎం 1 ఉన్న మొక్క ఏం చేస్తదంటే లోపలికొచ్చిన పురుగు లాలాజలంల ఏదో ఒకదాన్ని గుర్తుపట్టి రెండు మూడు రోజులల్ల పురుగును సంపుతది. గుర్తుపట్టనియ్యకుండ తయారైన పురుగు ఎక్కడో ఒకటి ఉంటది, వేలల్ల ఒకటి అనుకోండ్రి. మిగతాయన్నీ సచ్చిపోతుంటే ఆ ఒక్కదాని పిల్లలే మిగులుతయ్. రైతుకు ఇది చెప్తే ఆయన నాకంటే మంచిగ చెప్పిండు: "అంటే కుక్కను పెట్టుకున్నం, దొంగ రోజూ బిస్కెట్ ఏసి మచ్చిక చేసుకున్నడు." పూర్తిగ కరెక్ట్ కాదు గాని నేను సరిదిద్దలేదు.

మన దేశంల ఉల్లికోడుకు ఏడు బయోటైపులు (పురుగు ఒకటే, ఏ వరిని తినగలదో దాన్ని బట్టి తెగలు) లెక్కగట్టిన్రు, 1 నుంచి 6 దాక, ఇంకోటి 4ఎం. నాలుగు గ్రూపుల వరి లైన్లు పెట్టి ఏది గొట్టం పట్టింది ఏది పట్టలేదు అని చూసి పేరు పెడతరు. ఒకప్పుడు వరంగల్ పురుగు బయోటైప్ 1, అంటే డబ్ల్యూ 1263ని గాని ఫల్గుణను గాని ఏం చెయ్యలేకపోయేది. తర్వాత ఇక్కడనే 4ఎం బయటపడ్డది, అది నాలుగు గ్రూపులనూ తింటది. శ్రీకాకుళం దిక్కు ఫల్గుణ దెబ్బతిన్నప్పుడు బయోటైప్ 4 అన్నరు, మనది దాని మీద ఇంకో మెట్టు.

ఈ బాధ మనకంటే ముందు పడ్డది గోధుమోళ్ళు. అమెరికాల హెస్సియన్ ఫ్లై అని ఒకటుంది, మన ఉల్లికోడుకు దగ్గరి సుట్టమే, ఒకటే కుటుంబం. 1770ల ఆఖర్ల న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ దిక్కు మొదలు కనపడ్డది, యుద్ధానికొచ్చిన హెస్సియన్ సిపాయిల గడ్డిల వచ్చిందని ఆ పేరు. 1942ల పానీ అనే తట్టుకునే గోధుమ ఇచ్చిన్రు, అప్పటి నుంచి ఇప్పటి దాక 30కి పైగ జీన్లు దొరికినయ్, ఒక్కొక్కటి పెట్టుడు, కొన్నేళ్ళకు పురుగు దాన్ని దాటుడు, ఇంకోటి పెట్టుడు. గోధుమల ఒక్కో జీన్‌కు పురుగుల ఒక్కో జీన్ ఎదురుంటదని, పురుగు దిక్కు ఆ గుణం రిసెసివ్ అని 1970ల హాచెట్, గాలన్ అనే ఇద్దరు చూపించిన్రు. రిసెసివ్ అంటే తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి రెండూ వస్తేనే పురుగు తట్టుకునే మొక్కల బతుకుతది. ఈ ఒక్క ముక్క మీదనే కెనడా గోధుమోళ్ళు మంచి ఉపాయం చేసిన్రు. వాళ్ళకు గోధుమ కంకి మీద పడే ఇంకో ఈగ ఉంది, దానికి ఎస్ఎం 1 అని ఒక్కటే గట్టి జీన్ ఉంది. అది పోతే మళ్ళ దొరకదని భయపడి, 2010 నుంచి విత్తనం సంచిలనే 90 పాళ్ళు తట్టుకునే రకం, 10 పాళ్ళు తట్టుకోని రకం కలిపి అమ్ముతున్నరు. ఆ పది పాళ్ళల్ల మామూలు పురుగులు బతికి, మిగిలిన మొండి పురుగులతోని కలుస్తయ్, పిల్లలకు ఒక్క పాలే వస్తది, మళ్ళ జీన్‌కు దొరికిపోతయ్. రైతు సొంత విత్తనం ఎన్నాళ్ళు దాసుకోవచ్చో కూడా సంతకం పెట్టించుకుంటరు, ఎందుకంటే ఏండ్లు గడిస్తే ఆ పాళ్ళు మారిపోతయ్.

నేను ఇదే మా దగ్గర చేద్దామని ఎగిరిన. ఊర్ల కూసోబెట్టి చెప్తే ముందు అందరూ నవ్విన్రు, "ఇన్నొద్దులు కల్తీ చేసేటోన్ని తిడితివి, ఇప్పుడు నువ్వే కల్తీ చెయ్యమంటవా" అని. తర్వాత మిల్లతను ఒక్క మాటల తేల్చిండు, రెండు రకాల గింజ ఒకటే పొడుగు లేకపోతే నూక పెరుగుతది, రేటు కట్ చేస్త. గోధుమ పిండికి పోతది కాబట్టి అక్కడ నడిచింది, సన్న బియ్యం గింజకు గింజ చూసి కొనే చోట నడువది. ఇంకోటి, నిజంగ చూస్తే ఊర్ల పది పాళ్ళ కంటే ఎక్కువనే సాంబ మసూరి ఉంది కదా, పక్క ఒడ్డుకే ఉంది. అది ఉన్నా ఆగలేదంటే పురుగుల మొండివి అప్పటికే చాలా పెరిగి ఉన్నయన్నట్టు. కలుపుడు అనేది జీన్ కొత్తగ ఉన్నప్పుడు చేసే పని, పోయినంక కాదు. అది నాకు అప్పుడు తలకెక్కింది.

సరే, పురుగు ఎంత మొండిదైందో చూడాలె కదా. ఆ పొలంల నుంచి గొట్టాలు కోసుకొచ్చి నీళ్ళల్ల నిలబెట్టి జాలీ కింద పెట్టినం, రాత్రి ఈగలు బయటికొస్తయ్. ఉల్లికోడుల ఒక వింత ఉంది, ఒక్క తల్లికి పుట్టినయన్నీ చాలామట్టుకు ఆడయే ఉంటయ్ లేకపోతే మగయే. అందుకే ఒక్కొక్క ఆడ ఈగను విడిగ పరీక్ష చేసుడు బాగుంటది: ఒక కుండీల టిఎన్ 1 (అస్సలు తట్టుకోని రకం), డబ్ల్యూ 1263, ఫల్గుణ, ఇంకా కొత్త డోనర్ల (తట్టుకునే జీన్ తీసుకునే వరి లైన్ల) నారు పక్కపక్కన పెట్టి, ఒక్కటే జతకట్టిన ఆడ ఈగను వదిలి, దాని మీద జాలీ కట్టి, తడి ఆరకుండ చూసుకోవాలె. ఈ తడి దగ్గరనే మా కుర్రాళ్ళు సచ్చిన్రు, గంటగంటకు స్ప్రే కొట్టుడు, కరెంట్ పోతే పరుగెత్తుడు, ఒక ఆదివారం ఎవ్వరు రాక సగం కుండీలు పాడైనయ్. మిగిలినయ్ మూడు వారాలకు చూస్తే, టిఎన్ 1ల గొట్టం వచ్చిన ఎక్కువ కుండీలల్ల డబ్ల్యూ 1263లకు కూడా వచ్చింది, ఫల్గుణకు కూడా వచ్చింది. రానియ్ రెండే: జిఎం 8 ఉన్న అగన్ని, జిఎం 3 ఉన్న ఆర్‌పి 2068-18-3-5. ఈ రెండూ 4ఎంను ఆపుతయని చదివిందే, గాని మా ఊరి పురుగు మీద మా కుండీల చూసినంక నిద్ర పట్టింది.

తర్వాతి వానాకాలం ఊర్ల చేసింది రెండు పనులు. ఒకటి టైం. గోధుమోళ్ళు హెస్సియన్ ఫ్లైకి లేటుగ విత్తుతరు, ఈగ పోయే తారీఖు దాక ఆగుతరు. మనకు ఉల్టా, ఎంత జల్ది నాటితే అంత మంచిది, ఆగస్టు ముసుర్లకు పంట పిలకలు కట్టి ముదిరి ఉండాలె. చెరువు నిండేదాక ఆగితే జల్ది కాదు కదా, అందుకే బోర్లున్న ముగ్గురి పొలంల ఊరందరికీ కలిపి తుకం పోయించినం. బోరు నీళ్ళకు మందికి ఎందుకియ్యాలె అని పంచాయితీ అయింది, ఆ కథ ఇక్కడ వద్దు, నారుకు ఇంత అని పైసలు మాట్లాడుకుంటె తెగింది. చెరువుల నీళ్ళు తక్కువున్నా ఉన్న కాడికి జూలై నడుమ వరకు సగం ఊరు నాటేసింది. రెండోది నారుమడి. నారు పీకేదానికి వారం ముందు సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ 3జి గుళికలు, పల్చగ నీళ్ళు పెట్టి. నాటినంక పొలమంతా చల్లేదానికి ఇది ఎంతో తక్కువ ఖర్చు, ఇంకా పొలంల ఉల్లికోడును పొడిసి సంపే ప్లాటిగాస్టర్ అనే చిన్న కందిరీగ బతుకుతది. గొట్టాలు చీల్చి చూస్తే కొన్నిట్ల దాని పిల్లలే కనపడతయ్, ఊకె మందు కొట్టేటోళ్ళ పొలంల అవి కనపడుడు తక్కువ.

ఆ ఏడు జల్ది నాటిన పొలాలల్ల గొట్టం 3 శాతం దాటలేదు, రకం అదే, జీన్ అదే. లేటుగ నాటినయ్ మళ్ళ దెబ్బతిన్నయ్. మా రైతు, మొదటేడు ఎకరానికి 28 బస్తాలు అనుకుంటే 19తో సరిపెట్టుకున్నోడు, ఈసారి 27 కొట్టిండు. ఇది వరి గొప్పతనం కాదు, వానలు కూడా కలిసొచ్చినయ్, అది దాసిపెట్టుడు నాకిష్టం లేదు.

ఇగ అసలు పని, బ్రీడింగ్. ఒక్క జీన్ మీద మళ్ళ ఆశ పెట్టుకోవద్దని జిఎం 3, జిఎం 8 రెండూ ఒకే సన్నరకంలకు తేవాలని మొదలుపెట్టినం. రెండు జీన్లనూ ఒకేసారి దాటే పురుగు పుట్టుడు అరుదు కదా, అదీ లెక్క. చిక్కేందంటే జిఎం 8 డామినెంట్ (ఒక్క పాలు ఉన్నా పనిచేస్తది), జిఎం 3 రిసెసివ్ (రెండు పాళ్ళూ ఉంటేనే). డామినెంట్ అయితే ప్రతి బ్యాక్‌క్రాస్‌ల (వచ్చిన మొక్కను మళ్ళ సన్నరకంతోనే కలుపుడు) పురుగు పెట్టి తట్టుకున్న మొక్క ఏరుకోవచ్చు. రిసెసివ్ అయితే బ్యాక్‌క్రాస్ మొక్కల జీన్ ఉన్నా గొట్టం వస్తది, మార్కర్ లేకపోతే ఒకసారి సెల్ఫ్ చేసి (దాని పుప్పొడితోనే దానికి గింజ కట్టించి) చూసుకుని మళ్ళ క్రాస్ చెయ్యాలె, టైం రెండింతలు. అందుకే మార్కర్ల మీద పడ్డం. జిఎం 3 నాలుగో క్రోమోజోమ్ మీద, జిఎం 8 ఎనిమిదో దాని మీద, వేరు వేరు కాబట్టి ఎఫ్2ల, అంటే క్రాస్ చేసినంక రెండో తరంల, రెండూ జంటగ స్థిరమైన మొక్క 16ల ఒకటి. 72 మొక్కలు పెంచితే కనీసం ఒకటి దొరికే నమ్మకం 99 శాతం. గాని ఒకటి దొరికితే సరిపోదు, డోనర్ల గింజ మిల్లోళ్ళు అడిగే గింజ కాదు, అందుకే వందల మొక్కలల్ల నుంచి గింజ చూసి ఏరాలె.

స్క్రీనింగ్ కూడా ఒక తమాష. రైతును జల్ది నాటు అని బతిమిలాడేటోన్ని, మా స్క్రీనింగ్ మడి మాత్రం కావాలని ఆగస్టుల నాటుత, పురుగు రావాలె కదా! నడుమ నడుమ టిఎన్ 1 సాలు పెట్టి, నాటిన 30 రోజులకు, 50 రోజులకు లెక్కపెడతం. పోయినేడు సెప్టెంబర్‌ల ముసురే పట్టలేదు, ఎండ కొట్టింది, టిఎన్ 1కే గొట్టాలు ఏళ్ళ మీద లెక్కపెట్టేటన్ని వచ్చినయ్. మా లైన్లు అన్నీ "శుభ్రంగ" ఉన్నయ్, చూసిన ఒకాయన భుజం తట్టి మెచ్చుకున్నడు కూడా. తట్టుకోని రకానికే పురుగు రాని ఏడు తట్టుకునుడు ఎట్ల తెలుస్తది? ఆ సీజన్ డేటా మొత్తం పక్కన పెట్టినం. ఒక ఏడు పోయింది. పైన రిపోర్ట్‌ల మంచిగ కనపడేది గాని పెట్టి ఉంటే ఇంకో నర్సంపేట తయారైతుండె.

ఈ ఏడు పురుగు మస్తు వచ్చింది. టిఎన్ 1 సాలు మొత్తం ఉల్లితోట లెక్క ఉంది, 50 రోజుల లెక్క మొన్ననే అయింది, రెండు జీన్లున్న లైన్లల్ల గొట్టం ఒక్కటి కూడా దొరకలేదు, ఒక్క జిఎం 8 మాత్రమే ఉన్న లైన్లల్ల అక్కడక్కడ ఒకటీ అరా కనపడ్డయ్. ఆ ఒకటీ అరా మీదనే నా కన్ను పడ్డది, ఆ గొట్టాలు కోసి జాలీ కింద పెట్టినం, ఎల్లుండి ఈగలొస్తయ్. రైతు ఫోన్ చేసి "సారూ, కొత్త వరి ఎప్పుడిస్తవ్" అంటే ఇంకో నాలుగేండ్లు అన్న. "అప్పటిదాక?" అంటే, జూలైల నాటు అన్నా అని చెప్పిన.